ఒంటి మీద ఆటలమ్మ: రాత్రి బస్సెక్కి ఊరికా, బెంగళూరులోనే డాక్టర్ దగ్గరికా?

"బావా, ఒళ్లంతా నీటి పొక్కులు లేచినాయి. అమ్మవారు పోసిందంటున్నారు. రాత్రి బస్సుకి కడప పోతున్నా." పోయిన వేసవిలో ఒక పొద్దున బెంగళూరు మారతహళ్లి పీజీ నుంచి మా బావమరిది చేసిన ఫోన్ ఇది. వయసు 29. గది ఖాళీ చేయమని పీజీ వాళ్లు అప్పటికే చెప్పేశారట. వాడిని తప్పు పట్టలేను. జ్వరంతో పడి ఉన్నప్పుడు అమ్మ దగ్గరికి పోవాలనే ఎవరికైనా అనిపిస్తుంది.

ఊరి దారిలో మంచి లేకపోలేదు. వేరే గది, వేపాకు పడక, రాగి జావ, మజ్జిగ, కొబ్బరినీళ్లు, వేళకి చూసుకునే మనిషి. ఇవన్నీ రోగికి కావలసినవే. చిక్కంతా తలకి నీళ్లు పోసేదాకా మందు ముట్టకూడదనే పట్టుదలతోనే. చిన్నపిల్లల్లో చాలామందికి మందు లేకుండానే తగ్గిపోతుంది కాబట్టి ఆ మాట నిలబడింది. పెద్దవాళ్ల సంగతి వేరు. వాళ్లలో న్యుమోనియా భయం ఎక్కువ, అది కొంతమందికైనా తెలుసు. లివర్ సంగతి మాత్రం దాదాపు ఎవరూ మాట్లాడరు.

ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వచ్చిన పెద్దవాళ్లకి రక్తపరీక్ష చేస్తే లివర్ ఎంజైములు కొద్దిగా పెరిగి కనిపించడం మామూలే. వాటంతటవే దిగుతాయి. అరుదుగా మాత్రం వైరస్ లివర్ కణాలను పెద్ద ఎత్తున చంపేస్తుంది. 40 దగ్గర ఉండాల్సిన ఎంజైముల అంకెలు వేలల్లోకి పోతాయి, రక్తం గడ్డకట్టదు, మనిషికి మత్తు కమ్ముతుంది. అవయవ మార్పిడి జరిగినవాళ్లు, క్యాన్సర్‌కి కీమో తీసుకుంటున్నవాళ్లు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడేవాళ్లలో ఈ ప్రమాదం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ అరుదుగా జరిగింది. ఇందులో మోసం చేసే గుర్తు ఒకటుంది: పొక్కులు రాకముందే, ఒకటి రెండు రోజుల నుంచి కొన్ని రోజుల ముందే, పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి. మావాడు రెండు రోజులుగా కడుపునొప్పికి గ్యాస్ మాత్రలు మింగుతున్నాడని ఆ ఫోన్‌లోనే తెలిసింది. నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే. ఇంకో మాట. ఆటలమ్మలో కళ్లు పచ్చబడితే మనవాళ్లు దాన్ని వేరే జబ్బు అనుకుని కామెర్ల పసరుకి తీసుకుపోతారు. ఆ ఆలస్యం ప్రాణాల మీదికి తెస్తుంది.

బెంగళూరు దారిలో ఉన్న బలం సమయం. ఈ వైరస్‌ని అణిచే ఎసైక్లోవిర్ మాత్ర పొక్కులు లేచిన 24 గంటల్లోపు మొదలైతేనే బాగా పనిచేస్తుంది. పెద్దవాళ్లకి మామూలుగా 800 మిల్లీగ్రాములు, రోజుకి అయిదుసార్లు, వారం దాకా ఇస్తారు. కిడ్నీలకి ఇబ్బంది రాకుండా నీళ్లు బాగా తాగాలి. మావాడు అనుకున్నట్టే బస్సెక్కి ఉంటే ఆ 24 గంటలు దారిలోనే అయిపోయేవి. పైగా పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి అన్నీ పెచ్చు కట్టేదాకా ఇది అంటుకుంటుంది, ఏసీ బస్సులో పక్కవాళ్ల గతి ఏంటి? కడప ఇంట్లో మా మరదలు ఏడో నెలతో పురిటికి వచ్చి ఉంది. గర్భిణికి ఆటలమ్మ అంటుకుంటే చాలా ప్రమాదం. ఈ ఒక్క మాటతో వాడు టికెట్ క్యాన్సిల్ చేసుకున్నాడు.

మరి నేరుగా ఆస్పత్రిలో చేరిపోతే? ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మొదటి రోజే అవసరం రాదు. స్టెరాయిడ్లు, కీమో మీద ఉన్నవాళ్లు మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా పెద్దాస్పత్రికి పోవాలి, వాళ్లకి ఎసైక్లోవిర్ నరం ద్వారా ఎక్కించాలి. మిగతావాళ్లు కూడా కడుపునొప్పి ఎక్కువైనా, ఆగని వాంతులైనా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఎక్కడైనా రక్తం కారినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా అర్ధరాత్రి అయినా సరే వెళ్లాలి. బెంగళూరులో అంటువ్యాధుల కోసమే ఇందిరానగర్ వైపు, ఓల్డ్ మద్రాస్ రోడ్డులో ఎపిడెమిక్ డిసీజెస్ హాస్పిటల్ ఉంది. లివర్ దెబ్బతిన్న గుర్తులుంటే లివర్ వైద్యులున్న చోటికి పోవడమే నయం.

జ్వరానికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దు. పారాసెటమాల్ కూడా డాక్టర్ చెప్పిన లెక్కలోనే వేసుకోవాలి. జలుబు మాత్రల్లోనూ అది ఉంటుంది, తెలియకుండా రెండింతలై లివర్ మీద పడుతుంది.

మేం మాత్రల దారే పట్టాం. మొదటి పరీక్షలో ఎంజైములు ఉండాల్సినదానికి మూడింతలు, నాలుగు రోజుల తర్వాత సగానికి దిగాయి. నాకూ మా ఆవిడకీ చిన్నప్పుడే వచ్చిపోయింది కాబట్టి బెంగళూరులోని మా ఇంట్లోనే వెనక గదిలో ఉంచాం. అత్తమ్మ మొదట అలిగింది, తర్వాత అదే రాత్రి బస్సులో రాగి పిండి పార్సిల్ పంపింది. వేపాకు పడక కూడా వేశాం, మాత్రకి అది అడ్డం కాదు.

వాడి రూమ్మేట్ అనంతపురం కుర్రాడు. ఆటలమ్మ ఎప్పుడూ రాలేదట, దాని టీకా కూడా వేయించుకోలేదు. అంటుకునే అవకాశం వచ్చిన మూడు నుంచి అయిదు రోజుల్లోపు టీకా వేసుకుంటే చాలావరకు కాపాడుతుంది, గర్భిణులకి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకి మాత్రం అది వేయరు. మర్నాడే వెళ్లి మొదటి డోసు వేయించుకున్నాడు. రెండోది నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య. ఆ తేదీ గుర్తుపెట్టుకుని ఫోన్ చేసింది మా బావమరిదే.