1,105 గ్రాముల బ్యాట్: మూడు సీజన్లు ఆడాక

కవర్ విప్పి, బంతిని నాలుగుసార్లు తట్టి, "సౌండ్ అదిరింది" అని రాసే రివ్యూ కాదిది. మూడు సీజన్లు వారాంతం మ్యాచులు ఆడాను, వారం మధ్యలో వీలైతే ఒక నెట్ సెషన్, రెండుసార్లు టో (బ్యాట్ కింది కొస) రిపేరు, ఒకసారి పిడికి దారం విప్పి మళ్ళీ చుట్టించడం, ఇన్ని అయ్యాక రాస్తున్నాను. నా వయసు 53. మా జట్టులో 14 ఏళ్ళ కుర్రాడి నుంచి అరవై దాటిన స్పిన్నర్ దాకా ఉన్నారు కాబట్టి ఈ బ్యాట్‌ని అందరూ పట్టుకున్నారు, అందరూ ఏదో ఒకటి అన్నారు. కంపెనీ పేరు మాత్రం అడక్కండి, స్టిక్కర్లు రెండో నెలలోనే లేచిపోతే మిగతావి నేనే పీకేశాను, ఇప్పుడది పేరులేని చెక్క.

వివరాలు: చెక్క ఇంగ్లిష్ విల్లో, సైజు షార్ట్ హ్యాండిల్ (పెద్దవాళ్ళది), తూకం 2 పౌండ్ల 7 ఔన్సులు, అంటే సుమారు 1,105 గ్రాములు. ముఖం మీద (బంతి తగిలే వైపు) ఏడు గ్రెయిన్లు, అంటే చెక్కలో నిలువు గీతలు, ఒక పక్కన గోధుమరంగు చార ఉంది. ఆ చార చూసి చాలామంది బ్యాట్ పక్కన పెట్టేస్తారు కానీ అది చెట్టు నడిమి చెక్క రంగు, దానికీ బంతి ఎగరడానికీ సంబంధం లేదు. గ్రేడ్ 1, గ్రేడ్ 2 అనేవి ఎక్కువగా కంటికి కనిపించే అందాన్ని బట్టి వేసేవి, ఆ సంగతి తెలియక కుర్రాళ్ళు గ్రెయిన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. నేను కావాలనే చార ఉన్నది తీసుకున్నాను, ధర తగ్గింది.

ఇంత తేలిక బ్యాట్ ఎందుకు కొన్నానో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. చిన్నప్పుడు నాకు సొంత బ్యాట్ లేదు, అన్నయ్యదే నాదీ. అది పెద్దవాళ్ళ సైజు, నిలబెడితే నా నడుం దాటేది. ఎనిమిదేళ్ళవాడు అంత బరువు ఎత్తాలంటే కింది చేత్తో గట్టిగా పట్టుకుని ఊపడమే మార్గం, అందుకే ఎటు వచ్చిన బంతినైనా లెగ్ సైడుకి బాదేవాణ్ణి. గోడకి తగిలితే రెండు, గోడ దాటితే అవుట్, ఒక స్టెప్పు పడ్డాక ఒంటి చేత్తో పట్టినా అవుట్, మా రూల్సు అవి. ఆ రూల్సులో నా ఊపుడు బాగానే పనిచేసింది. పదహారేళ్ళకి లెదర్ బంతి ముందు నిలబడ్డాక తెలిసింది నా పై చెయ్యి కేవలం అలంకారం కోసం ఉందని. మొదటి నెట్‌లోనే కోచ్ "పై చెయ్యి సెలవు పెట్టిందా?" అని అడిగాడు. ఆ అలవాటు పోవడానికి రెండేళ్ళు పట్టింది, పూర్తిగా పోయిందని ఇప్పటికీ అనలేను. పిల్లలకి "పెరుగుతాడులే" అని పెద్ద బ్యాట్ కొనే అమ్మానాన్నలకి ఈ ఒక్క పేరా చాలు అనుకుంటా. సైజులు 1 నుంచి 6, ఆ తర్వాత హారో, ఆ తర్వాతే షార్ట్ హ్యాండిల్. పిల్లాడు బూట్లు వేసుకుని నిటారుగా నిలబడితే, కాలి పక్కన ఆనించిన బ్యాట్ పిడి చివర తొడ పైభాగానికి రావాలి, నడుం దాటితే ఆ బ్యాట్ వాడిది కాదు, వాళ్ళ నాన్నది.

తర్వాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, దాదాపు పదిహేనేళ్ళు బ్యాట్ ముట్టుకోలేదు. మళ్ళీ ఎలా మొదలైందంటే అందరికీ మొదలైనట్టే, మా వాణ్ణి మ్యాచ్‌కి దింపడానికి వెళ్తే పెద్దవాళ్ళ జట్టులో పదకొండో మనిషి రాలేదు. "ఊరికే నిలబడండి చాలు" అన్నారు. అప్పు తెచ్చుకున్న బూట్లతో ఫైన్ లెగ్ దగ్గర నిలబడ్డాను, మర్నాడు మెట్లు దిగలేకపోయాను, ఆ వారమే వెళ్ళి బ్యాట్ కొన్నాను. అదే నేను చేసిన తప్పు. టీవీలో చూసిన మందపాటి ఎడ్జీలు కళ్ళలో ఉన్నాయి మరి, 2 పౌండ్ల 12 ఔన్సులది తెచ్చుకున్నా. ఎడ్జ్ 40 మిల్లీమీటర్లకి ఒక్క వెంట్రుక తక్కువ. 2017 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన రూల్సు ప్రకారం ఎడ్జ్ 40, లోతు 67 మిల్లీమీటర్లు దాటకూడదు, వెడల్పు 108 అనేది ఎప్పట్నుంచో ఉన్నదే. అంటే చట్టం ఒప్పుకున్నంత లావు కొన్నానన్నమాట. చట్టం ఒప్పుకుంది, భుజం ఒప్పుకోలేదు.

రెండు సీజన్లు దాంతో కుస్తీ పట్టాను. కట్ కొడదామంటే బంతి కీపర్ చేతుల్లోకి వెళ్ళాక బ్యాట్ వచ్చేది. అలవాటు ప్రకారం కింది చెయ్యి మళ్ళీ బిగుసుకుంది, ముప్పై నలభై ఏళ్ళు తిరిగి అన్నయ్య బ్యాట్ దగ్గరికే వచ్చాను. ఆ లావు బ్యాట్‌కీ, తర్వాత కొన్న ఈ 1,105 గ్రాములదానికీ తేడా 140 గ్రాములు, 13 ఏళ్ళలోపు పిల్లలు ఆడే చిన్న లెదర్ బంతి అచ్చంగా అంతే ఉంటుంది (రూల్సులో 133 నుంచి 144 గ్రాములు). అంటే రెండేళ్ళపాటు బ్యాట్‌కి ఒక బంతి కట్టుకుని ఆడానన్నమాట.

ఈ బ్యాట్‌తో మొదటి నెట్‌లోనే తేడా తెలిసింది. బంతిని ఇంకాస్త ఆలస్యంగా చూసి, ఇంకాస్త ఆలస్యంగా నిర్ణయించుకోవచ్చు. యాభై దాటాక కళ్ళు, కాళ్ళు కలిసి మన దగ్గర్నుంచి కొంత టైం కొట్టేస్తాయి, తేలిక బ్యాట్ అందులో కాస్త తిరిగి ఇప్పిస్తుంది. థర్డ్ మ్యాన్ వైపు దించడం, లెగ్ గ్లాన్స్, లేట్ కట్, ఇవన్నీ నాకు మళ్ళీ దొరికాయి. ఇరవై ఏళ్ళవాడు వేగంగా వేస్తే ఇంకా సుఖం, వాడి వేగమే మనకి పరుగులు. కష్టమల్లా పెద్ద గ్రౌండులో నెమ్మదిగా వేసే స్పిన్నర్‌తోనే. సరిగ్గా మిడిల్ కాకపోతే బంతి లాంగాన్ చేతుల్లోకి బద్ధకంగా వెళ్ళి పడుతుంది, పాత బ్యాట్‌తో అదే షాట్ తాడు దగ్గర పడేది. నేను అలా ఆరుసార్లు అవుటయ్యాను, ఇప్పుడు స్పిన్నర్‌ని నేల మీదే ఆడుతున్నా.

తూకం ఒక్కటే చూసి కొనకండి, అది ముఖ్యం. ఒకే తూకం ఉన్న రెండు బ్యాట్లు చేతిలో వేరేగా ఉంటాయి, చెక్క లావు ఎక్కడుందో దాన్నిబట్టి. లావు కిందికి ఉంటే బరువుగా అనిపిస్తుంది, మధ్యలో ఉంటే పిడి దగ్గరికి లాక్కున్నట్టు తేలిగ్గా లేస్తుంది. నాది మధ్యలో ఉన్నది. మా స్పిన్నర్ పెద్దాయన చెప్పిన పరీక్ష నాకు బాగా నచ్చింది: పై చేత్తో మాత్రమే పట్టుకుని, బ్యాక్‌లిఫ్ట్‌లో ఎత్తి, పది స్ట్రెయిట్ డ్రైవులు గాల్లో ఆడాలి. ఏడోదానికో ఎనిమిదోదానికో టో కిందికి వాలడం మొదలైతే ఆ బ్యాట్ మనకి బరువు. షాపులో అందరూ చూస్తున్నా సరే ఆడండి, సిగ్గుపడితే నాలాగే రెండు సీజన్లు పోతాయి.

ఇక గొడవలు. "ఆడటానికి సిద్ధం, ముందే నాక్ చేసింది" (అంటే కొత్త చెక్కని కొట్టి కొట్టి గట్టిపరిచింది) అని రాసి అమ్మారు. నమ్మకండి. పెద్దాయన బొటనవేలితో ముఖం మీద నొక్కి, తర్వాత పాత బంతితో మెల్లగా ఒక్కటి తట్టాడు, కుట్టు గుర్తు గాటులా పడింది. "ఇది ఇంకా పచ్చిగానే ఉందయ్యా" అని తిరిగి ఇచ్చేశాడు. అంతే, ఇంటికెళ్ళి మాలెట్ (చెక్క సుత్తి) పట్టాను. రోజూ పావుగంట, ఇరవై నిమిషాలు, మొత్తం ఆరు గంటల దాకా అయ్యుంటుంది. ముఖం మధ్యభాగంలో నెమ్మదిగా మొదలుపెట్టి తర్వాత గట్టిగా కొట్టాలి. ఎడ్జీల మీద నేరుగా కాదు, పక్కవాటుగా, అంచు గుండ్రంగా అణిగేలా కొట్టాలి. ఇంట్లోవాళ్ళు మూడో రోజుకి "ఇంకా ఎన్నాళ్ళు?" అన్నారు, నేను బాత్రూంలోకి మారాను, అక్కడ ఇంకా గట్టిగా వినిపించింది. నూనె సంగతి కూడా చెప్పాలి: పచ్చి అవిసె నూనె, చెంచాడు చాలు, ముఖానికి, ఎడ్జీలకి, టోకి రాసి బ్యాట్‌ని అడ్డంగా పడుకోబెట్టాలి. పిడి బ్యాట్‌లోకి దిగే వీ ఆకారం అతుకు దగ్గర మాత్రం వద్దు, అక్కడ జిగురు ఉంటుంది. నూనె ఎక్కువైతే బ్యాట్ మంచిదవుతుందనుకుని ముంచేసినవాళ్ళని చూశాను, బరువు పెరిగి తడిసిన దుంగలా అవుతుంది.

అసలు సమస్య టో దగ్గర. మొదటి సీజన్ చివర్లో తడి గ్రౌండ్ మీద రెండు వారాలు ఆడాం, క్రీజులో నిలబడి తట్టీ తట్టీ కింద తేమ లోపలికి పోయి టో ఉబ్బింది, తర్వాతి యార్కర్‌కి చీలిక వచ్చింది. కంపెనీకి ఫోటోలు పంపితే "చెక్క సహజ పదార్థం" అనే మాట తప్ప ఇంకేం రాలేదు. అది నిజమే, కానీ టోకి గార్డ్ అతికించి పంపడం పెద్ద పనేం కాదు కదా. నేనే బయట బాగు చేయించి గార్డ్ వేయించాను. రెండో ఏడాది ఆ గార్డ్ ఊడొచ్చి మళ్ళీ అదే కథ. ముఖం మీద సన్నటి గీతలు మొదటి నెలలోనే వచ్చాయి, వాటికి నేను కంగారు పడలేదు, మెత్తగా ప్రెస్ చేసిన చెక్కకి అది మామూలే, మొదట్నుంచీ బంతి బాగా వెళ్తుంది, ఆయుష్షు కాస్త తక్కువ ఉంటుంది. పిడి లోపల మూడో ఏడు కిర్రుమన్న చప్పుడు మొదలైతే దారం విప్పించి జిగురు పట్టించాను, ఇప్పుడు బాగానే ఉంది. గ్రిప్ మాత్రం పనికిరాదు, చెమటకి జారింది, పారేసి రెండు పలచటివి ఒకదాని మీద ఒకటి వేసుకున్నా. పిడి లావైతే కింది చెయ్యి అంత బిగుసుకోదు, నాలాంటి రోగులకి మంచిది.

బ్యాట్‌కి సంబంధం లేని మాట ఒకటి, కానీ బ్యాట్ మీద నెపం వేసేముందు చూసుకోండి. పోయిన సీజన్ మొదట్లో వరసగా నాలుగు మ్యాచుల్లో బంతి నా బ్యాట్ కిందనుంచి పోయింది. బ్యాట్ పాతబడిందనుకున్నా. తీరా చూస్తే నేను ప్రోగ్రెసివ్ కళ్ళజోడుతో ఆడుతున్నాను, బంతి పిచ్ పడి దగ్గరికి వచ్చేసరికి అద్దం కింది సగంలోకి, అంటే చదువుకునే భాగంలోకి, వచ్చి మసకబారుతోంది. దూరం చూపుకి మాత్రమే ఒక జత చేయించుకున్నాక బంతి మళ్ళీ బ్యాట్‌కి తగిలింది.

ఎవరికి పనికొస్తుంది అంటే: వేగంగా వచ్చే బంతిని వాడుకుని ఆడేవాళ్ళకి, భుజం లేదా మణికట్టు ఇబ్బంది ఉన్నవాళ్ళకి, మధ్యలో ఆట మానేసి తిరిగి వచ్చినవాళ్ళకి. ఇరవైల్లో ఉండి సిక్సులే లోకంగా బతికేవాళ్ళకి నచ్చదు, మా జట్టు ఓపెనర్ రెండు ఓవర్లు ఆడి "ఇది దోమల బ్యాట్" అని తిరిగి ఇచ్చాడు. టెన్నిస్ బంతికి కొనకండి, దానికి వేరే బ్యాట్లున్నాయి, ఇది దండగ. నెట్స్‌లో నాసిరకం గట్టి బంతులు అస్సలు వద్దు, ముఖం ముక్కలవుతుంది. ఇక మా 14 ఏళ్ళ కుర్రాడు "అంకుల్, ఒక్క ఓవర్" అని తీసుకుంటాడు, వాడికి పొడవు ఇంకా ఎక్కువే, అయినా పై చేత్తోనే నడిపిస్తాడు, నాకు అసూయగా ఉంటుంది.

ఈ వయసులో కొత్త బ్యాట్ ఏంటని అడిగేవాళ్ళు ఉంటారు, నన్నూ అడిగారు. విల్‌ఫ్రెడ్ రోడ్స్ 1930లో చివరి టెస్టు ఆడినప్పుడు ఆయనకి 52 ఏళ్ళు, మన సి.కె. నాయుడు అరవై దాటాక కూడా రంజీ ఆడారు. వాళ్ళతో నాకు పోలిక లేదు, బ్యాట్ కొనడానికి సాకు కావాలి అంతే. యాభై దాటినవాళ్ళకి 2018 నుంచి ప్రపంచ కప్పే జరుగుతోంది, మేం దాన్ని యూట్యూబ్‌లో చూసి మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని గ్రౌండ్‌కి వెళ్తాం.

అయిదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఒకటీ టో దగ్గరే పోయింది. మళ్ళీ కొంటానా అంటే కొంటాను, గార్డ్ ముందే వేయించుకుని, ఈసారి ఇంకో ఔన్సు తగ్గించి.