సైకిల్ వెనక చక్రం ఇంట్లోనే కట్టుకున్నా, రెండున్నరేళ్ల తర్వాత

రెండున్నరేళ్లలో ఒక్క స్పోకు తెగలేదు. ఈ మాట చెప్పడానికే రాస్తున్నా.

అంతకు ముందు ఏడాది 9 తెగాయి. అన్నీ కుడివైపు, అంటే ఫ్రీవీల్ (చైను తిప్పే పళ్ల చక్రం) వైపువే, అన్నీ చక్రం మధ్యలోని హబ్ దగ్గర వంపులోనే. నా బరువు 92 కిలోలు, క్యారియర్ మీద బ్యాగు వేరే. షాపులో తెగినదాన్ని మార్చి, అవుట్ (చక్రం వంకర) తీసి పంపేవాళ్లు. నెల తిరక్కుండా పక్కది పోయేది. వదులుగా ఉన్న స్పోకు చక్రం తిరిగినప్పుడల్లా ఆ వంపు దగ్గర ఆడుతుంది. బైండింగ్ వైరుని అటూ ఇటూ వంచితే ఎలా తెగుతుందో ఇదీ అంతే.

హబ్బు, రిమ్ము పాతవే ఉంచి 36 స్పోకులూ కొత్తవి తెచ్చాను. పాత చక్రం ఫొటో చూసి అల్లిక ఒక మధ్యాహ్నంలో ముగించాను. సైకిల్ తలకిందులు చేసి, ఫ్రేముకి కేబుల్ టై కట్టి, దాని కొనకి రిమ్ము ఎక్కడ తగులుతోందో చూస్తూ అవుట్ తీశాను. రాత్రి పదింటికి చక్రం చక్కగా తిరుగుతోంది. గర్వంగా పడుకున్నా.

పొద్దున్నే ధవళేశ్వరం వైపు గోదావరి గట్టు మీదికి ఎక్కానో లేదో కింద నుంచి టింగ్, టింగ్, టిక్. తెగుతున్నాయనుకుని దూకేశాను. లెక్కపెడితే అన్నీ ఉన్నాయి. చక్రం మాత్రం బ్రేకుకి రాసుకుంటోంది. నడిపించుకుంటూ ఇంటికొచ్చా. తర్వాత తెలిసింది: నిపుల్ (స్పోకుని రిమ్ముకి బిగించే చిన్న నట్టు) తిప్పేటప్పుడు స్పోకు కూడా దాంతోపాటు మెలిపడుతుందట. మనిషి బరువు పడగానే ఆ మెలి విడిపోయి, తీసిన అవుట్ కాస్తా మళ్లీ వచ్చేస్తుంది. ఇప్పుడు కావలసినదానికంటే కొంచెం ఎక్కువ తిప్పి, అంతే వెనక్కి తీస్తాను. స్పోకుకి చిన్న టేపు ముక్క అంటిస్తే మెలి కంటికి కనిపిస్తుంది. చివర్లో రెండేసి స్పోకులు కలిపి పట్టుకుని గట్టిగా నొక్కాలి, అరచేతులు ఎర్రబడతాయి. అలా రెండో ఆదివారం మళ్లీ బిగించినదే ఇవాళ్టికీ నిలిచింది.

గోటితో మీటితే కుడివైపువన్నీ దాదాపు ఒకే శ్రుతి, ఎడమవైపువి కాస్త మంద్రం. "మళ్లీ వీణ మొదలెట్టారా" అంటుంది మా ఆవిడ.

కట్టిన కొత్తలో ఇక ముట్టుకోనక్కర్లేదని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. అంత నిజం కాదు. వెనక చక్రానికి ఎడమవైపు బిగువు తక్కువ కదా, వానాకాలం గుంతల్లో తిరిగాక అటువైపు రెండు మూడు నిపుల్స్ వదులవుతున్నాయి. ఆర్నెల్లకోసారి చూసుకుంటున్నా. నిపుల్ తిప్పడానికి అన్ని సైజులూ ఉండే గుండ్రటి కీని కూడా తెగ పొగిడాను, అదేమో మూడు నిపుల్స్ మూలలు అరగదీసింది. మీ నిపుల్‌కి సరిపోయే సైజు కీ ఒక్కటి చాలు.

నాకు ఆదివారాలు ఖాళీ, వరండా ఉంది, ఈ బరువూ ఉంది. ఏడాదికి ఒక స్పోకు తెగేవాళ్లయితే షాపుకే వెళ్లండి, అక్కడ అరగంట పని. ముందు చక్రం జోలికి నేనూ ఇంకా పోలేదు.