ఆయిల్ మట్టం పెరిగే డీజిల్ కారు: ఐదేళ్ల వాడకం తర్వాత

ఈ కారు పేరు రాయడం లేదు. 2020 ఏప్రిల్ 1 తర్వాత బీఎస్6 ప్రమాణాలతో వచ్చిన ఒకటిన్నర లీటరు డీజిల్ ఎస్‌యూవీ అనుకోండి, చాలు. డీపీఎఫ్, అంటే పొగ గొట్టంలోని మసి ఫిల్టర్, ఉన్న ఏ డీజిల్‌కైనా ఈ ఇబ్బంది రావచ్చు. సీట్లు, తెర, డిక్కీ గురించి అందరూ రాశారు, వాటి జోలికి పోను. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇంకా ఉండగానే, అరవై వేల కిలోమీటర్లు దాటాక, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ల బేరింగులు పోయాయి. అవి ఎందుకు పోయాయో, ఆ క్లెయిమ్‌ను ఏ సాకులతో తిప్పికొట్టారో చెప్పాలి. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

డీపీఎఫ్ పొగలోని మసిని పట్టి ఉంచుతుంది. నిండాక ఆ మసిని కాల్చేయాలి. హైవే మీద ఎగ్జాస్ట్ వేడికే కొంత కాలిపోతుంది. ఊళ్లో అంత వేడి రాదు కనుక ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) కల్పించుకుని, పవర్ స్ట్రోక్ ముగిశాక ఆలస్యంగా మరికాస్త డీజిల్ చల్లిస్తుంది. అది సిలిండర్‌లో మండదు. బయట కెటలిస్ట్ దగ్గర మండి, ఫిల్టర్ లోపలి వేడిని సుమారు 600 డిగ్రీలకు తీసుకెళ్తుంది. దీన్నే రీజెనరేషన్, పొట్టిగా రీజెన్, అంటారు. పది నుంచి ఇరవై నిమిషాలు ఆపకుండా నడిపితేనే అది పూర్తవుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆలస్యంగా చల్లిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడలకు అంటుకుని, పిస్టన్ రింగుల పక్కనుంచి సంప్‌లోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి, జారుతుంది. పెట్రోలైతే వేడి ఆయిల్‌లోంచి చాలావరకు ఆవిరైపోయేది. డీజిల్ మరిగేది దాదాపు 180 నుంచి 360 డిగ్రీల మధ్య. సంప్‌లో ఆయిల్ వేడేమో నూరు డిగ్రీల చుట్టుపక్కలే. అందుకే దిగిన డీజిల్‌లో ఎక్కువ భాగం అక్కడే ఉండిపోతుంది. కూకట్‌పల్లిలో బయలుదేరి హైటెక్ సిటీలో ఆపేసే ప్రయాణంలో రీజెన్ సగంలో తెగిపోతుంది, సాయంత్రం తిరుగు ప్రయాణంలో మళ్లీ మొదలవుతుంది. తెగిన ప్రతిసారీ మసి మిగులుతుంది, డీజిల్ మాత్రం ఆయిల్‌లోకి చేరుతూనే ఉంటుంది.

ఈ కారు మీద నా మొదటి ఫిర్యాదు, రీజెన్ జరుగుతున్నప్పుడు డాష్‌బోర్డు మీద ఒక్క గుర్తూ చూపించకపోవడం. డీపీఎఫ్ దీపం మసి బాగా పేరుకున్నాకే వెలుగుతుంది. కాబట్టి మనమే కనిపెట్టాలి. ఐడిల్‌లో 800 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం వెయ్యి దాకా పెరుగుతుంది. సిగ్నల్ దగ్గర ఆటో స్టార్ట్ స్టాప్ పనిచేయదు. అప్పటికప్పుడు చూపించే మైలేజీ కారణం లేకుండా పడిపోతుంది. ఇంజన్ ఆపాక కూడా రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ ఉంటుంది, కారు కిందనుంచి మాడు వాసన వస్తుంది. వీటిలో రెండు కలిసి కనిపిస్తే ఇంజన్ ఆపకండి. వీలైతే ఔటర్ రింగ్ రోడ్ ఎక్కి, ఆర్‌పీఎం 2000కు తగ్గకుండా నాలుగో గేర్‌లో ఇరవై నిమిషాలు నడపండి.

ఈ ఇంజన్‌లో ఆయిల్ ఐదు లీటర్లు పడుతుంది. డిప్‌స్టిక్ కింది గీతకూ పై గీతకూ మధ్య దాదాపు లీటరు తేడా. అర లీటరు డీజిల్ కలిసిందంటే ఆయిల్‌లో ఇంచుమించు పదో వంతు డీజిలే. మట్టం చూస్తే ఆ ఖాళీలో సగం పైకి వస్తుంది. 5డబ్ల్యూ-30 ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. ఇంత డీజిల్ కలిస్తే ఆ కింది హద్దు కూడా దాటి పల్చబడుతుంది. క్రాంక్‌కూ బేరింగ్ షెల్‌కూ (బేరింగ్‌లోని అరవంపు రేకు) మధ్య ఉండాల్సిన ఆయిల్ పొర పల్చనై, లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఇంజన్ మరోపక్క ఆయిల్ తాగుతుంటే మట్టం మారకుండా కనిపించి ఇంకా మోసం చేస్తుంది. అందుకని డిప్‌స్టిక్ మీది చుక్కను టిష్యూ కాగితం మీద వేసి వాసన చూడాలి, డీజిల్ ఎక్కువైతే తెలిసిపోతుంది. సందేహముంటే ఆయిల్ పరీక్షల ల్యాబ్‌కు నమూనా పంపి డీజిల్ శాతం, చిక్కదనం, ఇనుము, రాగి, తగరం ఎన్ని పీపీఎం ఉన్నాయో రాయించుకోండి.

చెడిపోవడం మొదలైంది చిన్న శబ్దంతోనే. ఇంజన్ వేడెక్కాక యాక్సిలరేటర్ మెల్లగా తొక్కితే 1500, 2000 ఆర్‌పీఎం మధ్య కింది వైపునుంచి కటకటమని మోత. డీజిల్ ఇంజన్ మామూలు శబ్దం పైనుంచి వస్తుంది, ఇది సంప్ దగ్గర్నుంచి, లోడ్ పడితే పెరిగింది. ఆ తర్వాతే వేడి ఐడిల్‌లో ఆయిల్ దీపం మినుకుమంది. ఆ దీపాన్ని వెలిగించే స్విచ్ ప్రెషర్ అర బార్ దరిదాపులకు పడిపోతే తప్ప కదలదు. కాబట్టి దీపం కనిపించేసరికి బేరింగులకు జరగాల్సిన నష్టం జరిగిపోయినట్టే. ఆయిల్ ఫిల్టర్ కోసి మడతలు విప్పితే రాగి రంగు పొరలు తళతళమన్నాయి. సంప్ దించి క్యాపులు విప్పితే మూడో సిలిండర్ షెల్ మీది పై పూత పూర్తిగా పోయి రాగి మిశ్రమం బయటపడింది, క్రాంక్ జర్నల్ (బేరింగ్‌లో తిరిగే నున్నటి భాగం) మీద గోరుకు తగిలేంత గీతలు. ఈ స్థితిలో షెల్స్ మాత్రమే మార్చి పంపిస్తామంటే ఒప్పుకోకూడదు. గీతలు పడ్డ జర్నల్ మీద కొత్త షెల్స్ నిలవవు. క్రాంక్ గ్రైండింగ్‌కు పనికిరాకపోతే షార్ట్ బ్లాకే, అంటే క్రాంక్, పిస్టన్లతో సహా ఇంజన్ కింది భాగమే, మార్చాలి, ఆయిల్ కూలర్, టర్బోకు వెళ్లే ఆయిల్ పైపు కూడా శుభ్రం చేయాలి. లేదంటే అక్కడ మిగిలిన రజను కొత్త ఇంజన్‌నూ తినేస్తుంది.

సర్వీస్ సెంటర్ మొదట చెప్పిన మాట కల్తీ డీజిల్. ట్యాంకులోంచి సీలు వేసిన నమూనా తీయలేదు, ల్యాబ్ రిపోర్టు లేదు. సంప్‌లోని ఆయిల్‌కు డీజిల్ వాసన రావడమే వాళ్ల రుజువు. ఆ డీజిల్‌ను సంప్‌లోకి దింపింది వాళ్లు రూపొందించిన రీజెన్ పద్ధతే కదా! ఆయిల్ మట్టం పెరగవచ్చని, పై గీత దాటితే మార్చాలని ఓనర్ మాన్యువల్‌లోనే ఉంది. కల్తీ అని గట్టిగా అంటే, డీజిల్ ఇంజెక్టర్లనూ హైప్రెషర్ పంపునూ వదిలేసి బేరింగుల దగ్గరికే ఎలా వచ్చిందో అడగండి. ఇక్కడ ఇంజెక్టర్ల నుంచి వెనక్కి కారే డీజిల్‌ను కొలిచే లీక్ ఆఫ్ పరీక్ష మామూలుగానే వచ్చింది. బంకు మీద అనుమానముంటే అక్కడికక్కడే డెన్సిటీ కొలిపించవచ్చు. హైడ్రోమీటర్, థర్మామీటర్, జార్ ప్రతి బంకులో ఉంటాయి. 15 డిగ్రీలకు మార్చిన విలువ బీఎస్6 డీజిల్‌కు ఘనపు మీటరుకు 810, 845 కిలోల మధ్య ఉండాలి, బంకు రికార్డులోని అంకెకు 3 లోపు తేడాలో ఉండాలి.

రెండో సాకు సర్వీస్ ఆలస్యం. బిల్లులన్నీ గడువులోనే ఉండటంతో అది నిలవలేదు. ఆ తర్వాత ‘గుడ్‌విల్’ కింద విడిభాగాల ఖర్చులో కొంత భరిస్తామన్నారు. ఇలా బేరానికి వచ్చే మాటలన్నీ నోటితోనే చెప్తారు. క్లెయిమ్ ఎందుకు తిరస్కరించారో, వారంటీ పుస్తకంలోని ఏ నిబంధన కిందో ఈమెయిల్‌లో రాయమని అడిగితేనే ధోరణి మారుతుంది. ఇంజన్ విప్పడానికి సంతకం చేసే ముందే జాబ్ కార్డు మీద ‘పాత భాగాలు, ఫిల్టర్, ఆయిల్ నమూనా కస్టమర్‌కు ఇవ్వాలి’ అని రాయించండి. విప్పేటప్పుడు దగ్గరుండి ఫొటోలు తీయండి. షెల్స్ పారేస్తే వినియోగదారుల కమిషన్‌లో చూపించడానికి ఏమీ మిగలదు.

రాతపూర్వక నోటీసు వెళ్లాక షార్ట్ బ్లాక్ వాళ్లే ఇచ్చారు. లేబర్, టర్బో ఖర్చు నా మీద పడింది. ఇది న్యాయమని నేను అనుకోను. ఇంకా మొండికేస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు, అదీ కారు కొన్న చోట కాకుండా మీరు ఉండే జిల్లాలోనే. ఫిర్యాదుకు కారణం ఏర్పడ్డ రోజు నుంచి రెండేళ్లు గడువు. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే నమూనాను ల్యాబ్‌కు పంపే అధికారం సెక్షన్ 38 కింద కమిషన్‌కు ఉంది. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తే కంపెనీ కేంద్ర కార్యాలయం దాకా విషయం వెళ్తుంది.

మిగతా కారు సంగతికొస్తే, తక్కువ ఆర్‌పీఎంలో ఈ ఇంజన్ లాగే బలం నాకు ఇప్పటికీ ఇష్టమే. విజయవాడ హైవే మీద లీటరుకు 20 వస్తుందని మొదట్లో మెచ్చుకున్నది నిజమే, ఇప్పుడూ వస్తోంది. ఊళ్లో మాత్రం రీజెన్లు కలుపుకుంటే 13 దగ్గర ఆగుతుంది. ఆయిల్‌ను పదివేలకు కాకుండా ఐదువేలకే మారుస్తున్నాను, కాబట్టి డీజిల్‌తో మిగులుతుందనుకున్న డబ్బులో కొంత అక్కడికే పోతోంది. ఆ ఆయిల్ కూడా డబ్బా మీద ఏసీఈఏ సీ2 లేదా సీ3 అని ఉన్న తక్కువ బూడిద రకమే కావాలి, మాన్యువల్ ఏది చెబితే అది. పాత డీజిల్ బండ్లకు పోసే 15డబ్ల్యూ-40 పోస్తే ఆ బూడిద డీపీఎఫ్‌లో పేరుకుంటుంది. మసిలా అది కాలిపోదు.

నెలకు పదిహేను వందల కిలోమీటర్లు, అందులో ఎక్కువ హైవే అయితే ఈ కారు కొనడానికి నాకు అభ్యంతరం లేదు. రోజూ పది కిలోమీటర్ల లోపు ఆఫీసు ప్రయాణమే అయితే పెట్రోల్ చూసుకోండి. నా వాడకం సగం సగం, కొత్త బ్లాక్ పడింది గనుక ఉంచుకుంటున్నాను. సెకండ్ హ్యాండ్‌లో ఇలాంటి డీజిల్ చూస్తుంటే స్కానర్ పెట్టించి చివరి రెండు మూడు రీజెన్ల మధ్య దూరం అడగండి. మూడు నాలుగొందల కిలోమీటర్లు ఉంటే పర్వాలేదు. నూటయాభై లోపే మళ్లీ మళ్లీ జరుగుతుంటే, ఆయిల్ మట్టం పై గీత మీద ఉంటే, ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.