కెన్లీయా, డక్స్‌ఫర్డా: 1940లో లండన్‌ను కాయడానికి ఏ ఎయిర్‌ఫీల్డ్ మేలు?

1940 ఆగస్టులో జర్మన్ బాంబర్లు ఇంగ్లిష్ ఛానెల్ దాటి వస్తున్న రోజుల్లో, లండన్‌కు దక్షిణాన గుట్ట మీదున్న కెన్లీ, ఉత్తరాన కేంబ్రిడ్జ్ దగ్గరి చదును నేల మీదున్న డక్స్‌ఫర్డ్, రెండూ ఫైటర్ విమానాలతో దేశాన్ని కాసే బ్రిటన్ వైమానిక దళ విభాగమైన ఫైటర్ కమాండ్‌కు సెక్టార్ స్టేషన్లే. ఫైటర్ విమానాలు ఎగిరే మైదానంతో పాటు, గాలిలో ఉన్న పైలట్లకు ఎటు తిరగాలో, ఎంత ఎత్తుకు ఎక్కాలో రేడియోలో చెప్పే ఆపరేషన్స్ గది కూడా అలాంటి స్టేషన్ల బాధ్యతే. కెన్లీ, ఆగ్నేయ ఇంగ్లండ్‌ను కాసే, కీత్ పార్క్ నడిపిన 11వ గ్రూపులో ఉండేది. డక్స్‌ఫర్డ్, దానికి ఉత్తరాన మధ్య ఇంగ్లండ్‌ను కాసే, ట్రాఫర్డ్ లీ-మలోరీ నడిపిన 12వ గ్రూపులో ఉండేది. శత్రువుకు దగ్గరగా ఉన్న స్థావరం మేలా, దూరాన క్షేమంగా ఉన్నది మేలా అన్న వాదన యుద్ధం నడుస్తుండగానే మొదలైంది. నా మొగ్గు కెన్లీ వైపే.

అన్నిటికంటే ముందు చూడవలసింది సమయం. రాడార్ హెచ్చరిక అందాక పైలట్లకు దొరికేవి కొద్ది నిమిషాలు మాత్రమే. ఆ వ్యవధిలోనే పన్నెండు విమానాల స్క్వాడ్రన్ పైకి లేచి, బాంబర్ల ఎత్తును అందుకోవాలి. కెన్లీ నుంచి లేచిన స్క్వాడ్రన్ బాంబులు పడకముందే శత్రువుకు ఎదురు నిలవగలిగేది. అయితే ఆ దగ్గరితనమే దానికి ప్రాణాంతకమైంది కూడా.

ఆగస్టు 18 మధ్యాహ్నం తొమ్మిది జర్మన్ డోర్నియర్ బాంబర్లు చెట్ల తలలను రాసుకుంటున్నంత తక్కువ ఎత్తులో కెన్లీ మీదికి వచ్చాయి. అక్కడున్న రక్షణ సాధనాల్లో ఒకటి చిత్రమైనది: నేల మీది నుంచి రాకెట్లు ఉక్కు తీగలను పైకి లాక్కుపోతాయి, పారాషూట్లు విచ్చుకుని ఆ తీగలను గాలిలో వేలాడదీస్తాయి. ఒక డోర్నియర్ ఆ తీగకు చిక్కి మైదానం అంచున కూలింది. అయినా నాలుగు హ్యాంగర్లలో మూడు ధ్వంసమయ్యాయి, టెలిఫోన్ తీగలు తెగిపోయాయి. ఆ తర్వాత ఆపరేషన్స్ గదిని పక్కనే ఉన్న కేటరమ్ ఊళ్లో ఖాళీగా ఉన్న ఒక మాంసం దుకాణంలోకి మార్చారు. లండన్ దక్షిణ ఆకాశాన్ని కాసే పటం, దాని మీద గుర్తులు జరిపే మహిళా సిబ్బంది, టెలిఫోన్లు, అన్నీ ఆ చిన్న కొట్టులోనే సర్దుకోవలసి వచ్చింది. అంత దెబ్బ తిన్నా కెన్లీ పని ఆగలేదు; నేను దాని వైపు మొగ్గడానికి అదే ప్రధాన కారణం.

తెలుగువారికి ఈ స్థావరంతో ఒక తెగని బంధం ఉంది. ఆగస్టు చివరలో కెన్లీకి వచ్చిన 253వ స్క్వాడ్రన్ అధికారిక నామంలో 'హైదరాబాద్ స్టేట్' అన్న మాట ఉంది. నిజాం ఇచ్చిన విరాళానికి అది గుర్తు. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతులు శిస్తు కట్టిన రాజ్యం పేరుతో హరికేన్ విమానాలు ఇంగ్లండ్ ఆకాశంలో పోరాడాయని మన చరిత్ర పాఠాల్లో చెప్పేవారు అరుదు. ఆగస్టు 31న ఆ స్క్వాడ్రన్ నాయకుడు స్టార్ మరణించాడు. పగ్గాలు అందుకున్న టామ్ గ్లీవ్ అదే రోజు మంటల్లో చిక్కుకుని, ఒళ్లు కాలి, ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ ఆసుపత్రిలో ప్లాస్టిక్ సర్జన్ మెకిండో చేసిన శస్త్రచికిత్సలతో మళ్లీ మనిషయ్యాడు.

డక్స్‌ఫర్డ్ ఘనతను తక్కువ చేయడం న్యాయం కాదు. 1938 ఆగస్టులో మొట్టమొదటి స్పిట్‌ఫైర్ ఫైటర్ విమానం చేరింది అక్కడి 19వ స్క్వాడ్రన్‌కే. 1940లో చెక్ పైలట్ల 310వ స్క్వాడ్రన్ అక్కడే రూపుదిద్దుకుంది. ఆ స్థావరం నుంచే ఫైటర్ పైలట్ డగ్లస్ బేడర్ మూడు, తర్వాత అయిదు స్క్వాడ్రన్లను ఒక్కటిగా కూర్చి 'బిగ్ వింగ్' నడిపాడు. సెప్టెంబరు 15న ఆ గుంపు లండన్ మీద కనబడటం, బ్రిటన్ వద్ద విమానాలు అయిపోవచ్చాయని నమ్మి వచ్చిన జర్మన్ సిబ్బందికి పెద్ద దెబ్బ. కానీ అన్ని స్క్వాడ్రన్లు ఒకచోట కూడుకునేసరికి అమూల్యమైన నిమిషాలు గడిచిపోయేవి, గుంపు పెద్దదయ్యేకొద్దీ ఒకే విమానాన్ని పలువురు లెక్కలో వేసుకునేవారు. ఆ రోజు బ్రిటన్ మొత్తంగా 185 కూల్చామని ప్రకటించగా, జర్మనీ నిజంగా పోగొట్టుకున్నవి సుమారు 60. పైగా పార్క్ కోరుకున్నది వేరు: తన విమానాలు పైన పోరాడుతున్నంతసేపు ఉత్తరాది స్క్వాడ్రన్లు వచ్చి కింద ఖాళీగా ఉన్న తన స్థావరాలను కాయాలని. అది చాలాసార్లు నెరవేరలేదని ఆయన ఫిర్యాదు. ఆగస్టు 30న కెన్లీ పొరుగునున్న బిగ్గిన్ హిల్‌లో ఒకే దాడిలో 39 మంది చనిపోయారు.

కాబట్టి కాపలాకు కెన్లీయే మేలు; డక్స్‌ఫర్డ్ దానికి అండగా నిలిచినంతవరకే మేలు. ఆనాటి అధికారులు మాత్రం మరోలా తీర్పిచ్చారు: డిసెంబరులో పార్క్‌ను తప్పించి, 11వ గ్రూపును లీ-మలోరీ చేతికే అప్పగించారు. ఆ నిర్ణయం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం.

డక్స్‌ఫర్డ్ ఇప్పుడు పెద్ద మ్యూజియం. కెన్లీలో గ్లైడర్లు ఎగురుతున్నాయి. మైదానం అంచున విమానాలను దాచిన మట్టికట్టలు ఇంగ్లిష్ 'ఇ' అక్షరం ఆకారంలో ఇంకా నిలిచే ఉన్నాయి, వాటి వెనుక సిబ్బంది తలదాచుకునే ఇరుకు ఆశ్రయాలతో సహా.