హోతోనా, యోషిదా ఉడాన్‌నా?

ఫూజీ పర్వతం చూడ్డానికి కవాగుచి సరస్సు దగ్గర దిగినవాళ్లకి భోజనాల వేళ ఈ సందేహం తప్పదు. రెండూ యమనాషి ప్రాంతం వంటలే. రెండూ గోధుమపిండి నూడుల్సే, పులుసులో మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కూడా రెండింటికీ ఉంటుంది. 2007లో జపాన్ వ్యవసాయ శాఖ ప్రకటించిన పల్లె వంటల జాబితాలో యమనాషి తరఫున ఈ రెండూ ఉన్నాయి. నోట్లో పెట్టుకుంటే మాత్రం ఎక్కడా పోలిక లేదు.

తేడా అంతా ఉప్పులో ఉంది. యోషిదా ఉడాన్ పిండిలో ఉప్పు వేసి గట్టిగా పిసుకుతారు, నూడుల్స్‌ని విడిగా నీళ్లలో ఉడికిస్తారు. అవి ఎంత గట్టిగా ఉంటాయంటే, నమిలేసరికి దవడలు లాగుతాయి. హోతో పిండిలో ఉప్పు పడదు. రిబ్బన్‌లా వెడల్పుగా కోసిన ముక్కల్ని, పైన చల్లిన పొడిపిండితో సహా, గుమ్మడికాయ, చేమదుంప, క్యారెట్, పుట్టగొడుగులు మరుగుతున్న కుండలోకే వేసేస్తారు. ఆ పిండే పులుసుని చిక్కబరుస్తుంది. పాల తాలికలు చేసేవాళ్లకి ఈ కిటుకు కొత్తేం కాదు. గుమ్మడికాయ సగం కరిగి మిసో ఉప్పదనానికి తీపి కలుపుతుంది. యుద్ధవీరుడు తకేదా షింగెన్ తన కత్తితో ఈ పిండిని కోశాడనే కథ కూడా చెబుతారు. నాకైతే నమ్మబుద్ధి కాదు. వరి సరిగా పండని కొండసీమలో గోధుమ తినడానికి వీరుడెందుకు?

ఉడాన్ గిన్నెలో కూరగాయలంటే ప్రధానంగా ఉడికించిన క్యాబేజీయే. పైన గుర్రం మాంసం వేయడం అక్కడ మామూలు, ముందే అడిగి చూసుకోండి. మన నాలుకకి ఊరట ఏమిటంటే, బల్ల మీదుండే సురిదానె అనే ఎర్ర కారం ముద్ద.

జపాన్‌లోనే గున్మా అనే మరో ప్రాంతంలో ఒక్కిరికోమి అని హోతోకి చుట్టం లాంటిది ఉంది. పద్ధతి అదే, కొన్ని ఊళ్లలో మిసోకి బదులు సోయా సాస్.

శాకాహారులకి ఒక హెచ్చరిక. హోతో చూడ్డానికి కూరగాయల పులుసే అయినా, అడుగున సాధారణంగా ఎండు చేపల రసం ఉంటుంది.

నమలడం ఇష్టమైతే మధ్యాహ్నం ఉడాన్ తినండి. కూరగాయలు కావాలన్నా, చలి సాయంత్రమైనా నా ఓటు హోతోకే. ఇనుప కుండలో తెస్తారు, చిక్కటి పులుసు తొందరగా చల్లారదు. మొదటి గుమ్మడి ముక్కని మాత్రం ఊదుకుని తినండి.