నాలుగు వేసవులు నడిచిన ట్యూబులర్ బ్యాటరీలు

నరసరావుపేటలో మాది చిన్న జిరాక్స్, నెట్ సెంటర్. రెండు కంప్యూటర్లు, ఇంక్‌జెట్ ప్రింటరు, రెండు ఫ్యాన్లు, లైట్లు, మోడెమ్, అన్నీ కలిపినా 300 వాట్లు దాటదు. దానికి 150 ఏహెచ్ (ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇస్తుందో చెప్పే లెక్క) టాల్ ట్యూబులర్ బ్యాటరీలు, అంటే సీసం బ్యాటరీల్లో ఒక రకం, రెండు 24 వోల్టుల ఇన్వర్టర్‌కి పెట్టి నాలుగు వేసవులైంది. జిరాక్స్ మిషను మాత్రం దాని మీద పెట్టకండి, వేడెక్కేటప్పుడు అది లాగే కరెంటుకి ఇన్వర్టర్ కుయ్యోమంటుంది.

సరుకు బాగుంది. కొత్తలో నాలుగు గంటలు కరెంటు పోయినా టెన్షన్ లేకుండా హాల్‌టికెట్లు ప్రింట్ తీసి ఇచ్చేవాళ్లం, ఇప్పుడు రెండున్నర గంటలకే బీప్ మొదలు. ఇందులో నా తప్పూ ఉంది. రెండో వేసవిలో డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని మా కుర్రాడు తాగే నీళ్ల క్యాన్‌లోంచి తెచ్చి ఒక సెల్‌లో పోసేశాడు, నేను చూసీ చూడనట్టు ఊరుకున్నా. తర్వాత మెకానిక్ వచ్చి యాసిడ్ సాంద్రత చూసే హైడ్రోమీటర్ ముంచితే ఆ బ్యాటరీలో మిగతా ఐదు సెల్స్‌లో 1230 దగ్గరుంది, ఆ ఒక్కదాంట్లో 1180, అంటే అది నీరసపడిందన్నమాట. పైగా నేను పెట్టింది రేకుల కింద. 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకీ బ్యాటరీ ఆయుష్షు సగం అవుతుందంటారు, ఇక మా ఊరి మే నెల సంగతి చెప్పాలా!

అసలు కోపం అమ్మిన షాపు మీద. "60 నెలల వారంటీ సార్" అన్నాడు. కార్డు తిప్పి చూస్తే ఊరికే మార్చి ఇచ్చేది మొదటి 36 నెలలే, మిగతా 24 కొత్తదాని మీద కాస్త తగ్గింపు. ఏహెచ్ పక్కన చిన్న అక్షరాల్లో సీ20 అనుంది, అదీ చెప్పలేదు. అంటే 7.5 ఆంపియర్లు మాత్రమే లాగితే 20 గంటలు వస్తుందని. నాలాగా దానికి రెట్టింపు లాగితే 150 ఎక్కడొస్తుంది? సోలార్‌కి అమ్మేవాటి మీద సీ10 ఉంటుంది, అంటే 10 గంటల లెక్క, వాటి మీద అదే 150 కాస్త నిజం.

లిథియం బ్యాటరీ కొనుక్కోవచ్చుగా అంటారు. బ్యాటరీల కంపెనీ అమరరాజా వాళ్లు కూడా మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో దాని ఫ్యాక్టరీ పెట్టారు, కాదనను. కానీ చచ్చిన సీసం బ్యాటరీకి రేటుంది, బరువులో సగానికి పైగా సీసమే. ఇవి కొన్నప్పుడు అంతకుముందు వాడినవి ఇచ్చేస్తుంటే షాపువాడు "ఈ వారం లెడ్ తగ్గింది సార్" అంటే నవ్వుకున్నా గానీ నిజమే, సీసం ధర తేలేది లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో, ఆ దెబ్బ నరసరావుపేట కాటా దాకా వస్తుంది. చచ్చిన లిథియం ప్యాక్ పట్టుకెళ్తే మా ఊళ్లో తూచేవాడే లేడు.

ఇంకో వేసవి లాగుతాయనుకుంటున్నా. లాగకపోతే మళ్లీ ట్యూబులరే, కాకపోతే సీ10 ది, వేరే షాపులో.