డ్రాఫ్ట్ అయ్యాక యూరప్ కుర్రాడు ఎక్కడ ఆడితే మేలు?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట, పై స్థానాల్లో ఏ స్వీడన్ కుర్రాడో, ఫిన్లాండ్ కుర్రాడో వెళ్లాడంటే, జెర్సీ వేసుకుని ఫొటో దిగిన మర్నాటి నుంచే అభిమానులది ఒకటే ప్రశ్న: ఈ అక్టోబరులోనే మన టీమ్‌లో ఆడతాడా, ఇంకో ఏడాది ఆగాలా? డెట్రాయిట్, డాలస్, న్యూజెర్సీ వైపు ఉండి హాకీ అలవాటైన తెలుగువాళ్లలో కూడా ఈ ఆత్రం బాగానే ఉంది. ఉండటం సహజమే. కానీ నన్నడిగితే, ఆ కుర్రాడు ఎన్నో నంబరుకు వెళ్లాడన్న దానికన్నా ఆ తర్వాతి ఏడాది ఎక్కడ, ఎవరి మీద, ఎన్ని నిమిషాలు ఆడాడన్నదే అతని భవిష్యత్తు గురించి ఎక్కువ చెబుతుంది.

అతని ముందు మామూలుగా మూడు దారులుంటాయి. నేరుగా ఎన్‌హెచ్‌ఎల్‌లోకి దిగడం ఒకటి. సొంత ఖండంలోనే పెద్దవాళ్ల లీగ్‌లో, అంటే స్వీడన్ ఎస్‌హెచ్‌ఎల్, ఫిన్లాండ్ లీగా, జర్మనీ డీఈఎల్ లాంటి చోట మరో ఏడాది ఆడటం రెండోది. అమెరికా వచ్చేసి, ఎన్‌హెచ్‌ఎల్‌కు ఒక మెట్టు కింద ఉండే ఏహెచ్‌ఎల్‌లో ఆడటం మూడోది. నా ఓటు ఎక్కువసార్లు రెండోదానికే. అక్కడ పెద్ద పాత్ర దొరకదనుకుంటే మూడోది. మొదటిది నిజంగా అరుదైన ఆటగాళ్లకు మాత్రమే, అదీ టీమ్ దగ్గర ఒక పద్ధతైన ప్లాన్ ఉంటేనే.

ముందు కాపో కాక్కో సంగతి చూద్దాం. 2019 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ రేంజర్స్ అతన్ని రెండో స్థానంలో తీసుకుంది. అంతకుముందు సీజన్‌లో తుర్కు నగరపు క్లబ్ టీపీఎస్ తరఫున లీగాలో 45 ఆటలాడి 22 గోల్స్ కొట్టాడు. ఎదురుగా ఉన్నది పిల్లలు కాదు, పాతికా ముప్పయ్యేళ్ల ప్రొఫెషనల్స్. అదే ఏడాది ఫిన్లాండ్‌కు జూనియర్ ప్రపంచ టైటిల్ ఫైనల్లో గెలుపు గోల్ అతనిదే, మే నెలలో పెద్దవాళ్ల ప్రపంచ చాంపియన్‌షిప్ గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. పద్దెనిమిదేళ్లకు అంతకన్నా ఏం కావాలి? నేరుగా న్యూయార్క్ వెళ్లాడు. మొదటి సీజన్‌లో 66 ఆటలు, 10 గోల్స్, 13 అసిస్టులు (గోల్‌కు దారితీసిన పాస్‌లు; రెండూ కలిపితే పాయింట్లు), అంతే. ప్లస్ మైనస్ లెక్క మైనస్ 26, అంటే అతను ఐస్ మీద ఉన్నప్పుడు, పవర్ ప్లేలు (ఎదుటి జట్టులో ఒకరు శిక్షతో బయట కూర్చున్నప్పటి ఆట) పక్కనపెట్టి చూస్తే, టీమ్ వేసిన గోల్స్ కన్నా తిన్నవి 26 ఎక్కువ. పనారిన్, జిబానెజాద్, క్రైడర్ లాంటి పెద్ద ఆటగాళ్లు ముందుండగా ఇతనికి ఎక్కువగా మూడో లైనూ (లైన్ అంటే కలిసి ఐస్ మీదికి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు), మిగిలిన నిమిషాలూ దక్కాయి. ఫిన్లాండ్‌లో పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) తన కర్ర దగ్గర పెట్టుకుని, డిఫెన్స్‌మన్‌ని వీపుతో ఆపి, నిదానంగా ఆట నడిపించిన కుర్రాడు, ఇక్కడ పక్ వచ్చీ రాగానే ఎవరికో ఒకరికి ఇచ్చేసి బెంచీ వైపు చూడటం నేర్చుకున్నాడు. నాకు అన్నిటికన్నా బాధనిపించేది ఆ మార్పే. గోల్స్ తగ్గడం కాదు, అతని ఆట స్వభావమే చిన్నబోయింది. తర్వాత 2022-23లో 40 పాయింట్లు చేశాడు, మంచి ఆటగాడే అనిపించుకున్నాడు, 2024 డిసెంబరులో సియాటిల్‌కు ట్రేడ్ అయ్యాడు. కానీ రెండో స్థానంలో తీసుకున్నప్పుడు అందరూ ఊహించుకున్న ఆటగాడు ఇంతవరకూ కనబడలేదు.

ఇప్పుడు ఎలియాస్ పెటర్సన్. 2017లో వాంకూవర్ అతన్ని ఐదో స్థానంలో తీసుకున్నప్పుడు చాలామంది నొసలు చిట్లించారు, ఎందుకంటే అతను అప్పటిదాకా ఆడింది స్వీడన్ రెండో డివిజన్‌లో, తిమ్రా జట్టుకు, పైగా మనిషి బక్కపలచన. వాంకూవర్ తొందరపడలేదు. అతను వెక్షో లేకర్స్‌కు మారి ఎస్‌హెచ్‌ఎల్‌లో మొదటిసారి అడుగుపెట్టాడు, అక్కడ 44 ఆటల్లో 24 గోల్స్, 32 అసిస్టులు, మొత్తం 56 పాయింట్లు. జూనియర్ వయసు ఆటగాడు ఆ లీగ్‌లో చేసిన పాయింట్ల రికార్డు అప్పటిదాకా కెంట్ నిల్సన్‌ది, 1975-76 నాటి 53, దాన్ని దాటేశాడు. ప్లేఆఫ్స్‌లో ఇంకో 13 ఆటల్లో 19 పాయింట్లు, జట్టు చాంపియన్, ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడు కూడా ఇతనే. మరుసటి ఏడాది ఎన్‌హెచ్‌ఎల్‌లో 71 ఆటల్లో 66 పాయింట్లు, ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ. ఆ స్వీడన్ ఏడాదిలో అతను చేసిందేమిటో చూడండి: మొదటి పవర్ ప్లే అతని చేతిలో ఉంది, ఆఖరి నిమిషంలో ఒక గోల్ కావాలంటే ఐస్ మీదికి దిగింది అతనే, తప్పు చేస్తే తర్వాతి షిఫ్ట్‌లో, అంటే మళ్లీ ఐస్ మీదికి దిగే వంతులో, దాన్ని సరిదిద్దుకునే అవకాశం దొరికింది. మన క్రికెట్‌లో అయితే ఐపీఎల్ డగౌట్‌లో సీజనంతా కూర్చోవడానికీ, రంజీలో నాలుగో నంబర్‌లో దిగి రోజంతా బ్యాటింగ్ చేయడానికీ ఉన్న తేడా అది.

అయితే ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేముందు పుట్టినరోజులు చూడాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. డ్రాఫ్ట్‌కు అర్హత రావాలంటే ఆ ఏడాది సెప్టెంబరు 15 లోపు 18 నిండాలి. పెటర్సన్ 1998 నవంబరులో పుట్టాడు, అంటే తన ఈడువాళ్లలో చాలామంది కన్నా ఒక డ్రాఫ్ట్ ఆలస్యంగా వచ్చాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి ఆట ఆడేసరికి ఇంకో నెలన్నర లోపు 20 నిండుతాయి. కాక్కో 2001 ఫిబ్రవరిలో పుట్టాడు, మొదటి ఆటనాటికి పద్దెనిమిదిన్నర దాటిందంతే. ఆ వయసులో ఏడాది పైన తేడా అంటే కాళ్ల బలంలో, భుజాల్లో, ఓర్పులో బోలెడు తేడా. కాబట్టి మీ టీమ్ తీసుకున్న కుర్రాడి పాయింట్లను ఇంకొకరితో పోల్చేటప్పుడు సీజన్‌తో సీజన్ కాదు, వయసుతో వయసు పోల్చండి. ఇది చూశాక కాక్కో మీద నా జాలి ఇంకా పెరిగింది. ఇంకో ఏడాది తుర్కులో ఉండి ఉంటే, అప్పటికీ పెటర్సన్ కన్నా చిన్న వయసులోనే న్యూయార్క్ వచ్చి ఉండేవాడు కదా.

రింక్ (ఐస్ మైదానం) తేడా గురించి కూడా ఎప్పుడూ ఒక మాట వినిపిస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్ రింక్ వెడల్పు 26 మీటర్లు, పాత అంతర్జాతీయ కొలత 30. నాలుగు మీటర్లు తగ్గితే ఆలోచించుకునే సమయం తగ్గుతుంది, గోడ పక్కన దెబ్బలు పెరుగుతాయి, ఒప్పుకుంటాను. అలవాటవడానికి సమయం పడుతుంది, కానీ అంతర్జాతీయ రింకుల్లో పెరిగిన ఎంతోమంది స్వీడన్, ఫిన్లాండ్ ఆటగాళ్లు ఇక్కడ స్టార్లయ్యారు. నా లెక్కలో అసలు కష్టం షెడ్యూల్. ఎస్‌హెచ్‌ఎల్‌లో 52 ఆటలు, లీగాలో 60, ఎన్‌హెచ్‌ఎల్‌లో అయితే 80కి పైనే, మధ్యలో మూడు నాలుగు టైమ్ జోన్ల ప్రయాణాలు. యూరప్‌లో వారం మధ్యలో ప్రాక్టీసుకూ జిమ్‌కూ సమయం ఉంటుంది. పద్దెనిమిదేళ్ల శరీరానికి ఆ ఖాళీ రోజులే తిండి.

ఏహెచ్‌ఎల్ సంగతికొస్తే, దీన్ని శిక్షలాగా చూసేవాళ్లను చూస్తే నాకు నచ్చదు. మీకో రాంటానెన్‌ను 2015లో కొలరాడో పదో స్థానంలో తీసుకుంది. అంతకుముందు లీగాలో అతనివి 56 ఆటల్లో 28 పాయింట్లే. ఆ సీజన్‌లో కొలరాడో అతన్ని ఎన్‌హెచ్‌ఎల్‌లో 9 ఆటలే ఆడించింది, ఒక్క పాయింటూ రాలేదు. ఆ 9 అనే అంకె వెనక లెక్క ఉంది: ఈ వయసు కుర్రాడు పది ఆటలాడితే మూడేళ్ల తొలి కాంట్రాక్టులో ఒక ఏడాది ఖర్చయిపోతుంది, పదికి చేరకపోతే ఆ కాంట్రాక్టు ముందుకు జరుగుతుంది. అందుకని టీములు అక్కడే ఆగి ఆలోచిస్తాయి. అతన్ని ఏహెచ్‌ఎల్ జట్టు శాన్ ఆంటోనియోకు పంపారు, అక్కడ 52 ఆటల్లో 60 పాయింట్లు చేశాడు, ఆ లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు మరొకరితో కలిసి పంచుకున్నాడు. మరుసటి ఏడాది కొలరాడో లీగ్ మొత్తంలో అట్టడుగున ఉంటే, ఆ చెత్త సీజన్‌లో కూడా ఇతను 20 గోల్స్ వేశాడు, ఆ పై ఏడాది 84 పాయింట్లు. చిన్న రింకూ, ఇక్కడి దెబ్బలూ, బస్సు ప్రయాణాలూ, ఇంగ్లీషులో కోచ్ మాటలూ అన్నీ అక్కడే ఒంటబట్టాయి. కెనడా జూనియర్ లీగుల నుంచి వచ్చే కుర్రాళ్లకు ఈ దారి ఏళ్ల తరబడి మూసి ఉండేది, పద్దెనిమిది పందొమ్మిదేళ్లప్పుడు ఉంటే ఎన్‌హెచ్‌ఎల్, లేదంటే మళ్లీ జూనియర్. యూరప్ కుర్రాడికి ఈ సౌకర్యం ఉండి కూడా వాడుకోకపోతే ఎలా?

మరి నేరుగా వచ్చి నిలదొక్కుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు, వాళ్లను దాచి వాదించడం సరికాదు. టిమ్ స్టుట్జ్లె జర్మనీ క్లబ్ మాన్‌హైమ్ నుంచి తిన్నగా ఒట్టావా వచ్చి కుదురుకున్నాడు. 2022లో మొదటి స్థానంలో మాంట్రియల్ తీసుకున్న యురాయ్ స్లాఫ్కోవ్‌స్కీ తొలి ఏడాది 39 ఆటల్లో 10 పాయింట్లు చేసి గాయంతో ఆగిపోయాడు, అందరూ పెదవి విరిచారు, రెండో ఏడాది అతన్ని జట్టులోని మంచి ఫార్వర్డ్‌లు సుజుకీ, కాఫీల్డ్ పక్కన మొదటి లైన్‌లో పెట్టాక 82 ఆటల్లో 50 పాయింట్లు వచ్చాయి. నాకిక్కడ కనబడేది మళ్లీ పాత్రే: అదే కుర్రాడు, మంచి జోడీ, ఎక్కువ నిమిషాలు. ఇంకో మాట, అతను డ్రాఫ్ట్‌కు ముందు బీజింగ్ ఒలింపిక్స్‌లో 7 గోల్స్ కొట్టి టోర్నమెంట్ ఉత్తమ ఆటగాడయ్యాడు, అదే సీజన్‌లో లీగాలో మాత్రం 31 ఆటల్లో 10 పాయింట్లే. రెండు వారాల టోర్నమెంటు చూసి రెడీ అనుకోకూడదని ఆ రెండు అంకెలే చెబుతున్నాయి. ఆనహైమ్ 2023లో లియో కార్ల్‌సన్ విషయంలో మధ్యేమార్గం పట్టింది, అతన్ని తెచ్చింది కానీ మొదట్లో కావాలనే కొన్ని ఆటలకు పక్కన కూర్చోబెట్టి శరీరానికి విశ్రాంతి, జిమ్‌కు సమయం ఇచ్చింది. నేరుగా తేవాలనుకుంటే ఇలా తేవాలి.

అన్నిటికన్నా చెడ్డది ఏ దారీ సరిగ్గా పట్టకపోవడం. 2016లో ఎడ్మంటన్ నాలుగో స్థానంలో తీసుకున్న యెస్సె పుల్యుయార్వి మొదటి ఏడాది ఎన్‌హెచ్‌ఎల్‌లో 28 ఆటల్లో ఒకే ఒక్క గోల్ వేశాడు, ఏహెచ్‌ఎల్‌కు పంపారు, ఆ తర్వాతి ఏళ్లలోనూ పైకీ కిందికీ తిప్పారు, చివరికి 2019లో అతను ఫిన్లాండ్‌లోని పాత క్లబ్ కార్పాత్‌కు వెళ్లిపోయాడు. అక్కడ 56 ఆటల్లో 53 పాయింట్లు. అలాంటి ఏడాది డ్రాఫ్ట్ అయిన వెంటనే దొరికుంటే ఎంత బాగుండేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండో దారికీ ఒక షరతుంది. ఇంట్లో ఉండటమంటే ఊరికే ఉండటం కాదు. కొన్ని యూరప్ క్లబ్బులు టైటిల్ మీద కన్నేసి కుర్రాడికి నాలుగో లైన్‌లో ఏడెనిమిది నిమిషాలిస్తాయి, పవర్ ప్లే చూపించనే చూపించవు. అలాంటి క్లబ్బులో ఉన్నాడని తెలిస్తే ఏహెచ్‌ఎల్ ఎంతో నయం. అలాగే అండర్-20 లీగ్‌లో ఆటకు రెండు పాయింట్లు చేస్తున్నాడని సంబరపడకండి, పెద్దవాళ్ల లీగ్‌లో ఆటకు అర పాయింటు దానికన్నా బరువైనది.

డిఫెన్స్‌మన్ అయితే నా అభిప్రాయం ఇంకా గట్టిది, వాళ్లను అస్సలు తొందరపెట్టకూడదు. పెటర్సన్ డ్రాఫ్ట్‌లోనే మూడో స్థానంలో డాలస్ తీసుకున్న మీరో హేస్కనెన్ ఒక ఏడాది హెల్సింకీలో హెచ్‌ఐఎఫ్‌కేకు ఆడి, ఆ తర్వాత వచ్చి మొదటి సీజన్‌లోనే 82 ఆటలూ ఆడాడు. 2019లో ఆరో స్థానంలో డెట్రాయిట్ మోరిట్స్ సైడర్ పేరు పిలిచినప్పుడు హాలంతా ఆశ్చర్యపోయింది, ఆ కుర్రాడి ముఖంలోనే నమ్మలేనితనం కనబడింది. ఒక ఏడాది గ్రాండ్ రాపిడ్స్‌లో ఏహెచ్‌ఎల్ ఆడాడు, కరోనా సీజన్‌లో స్వీడన్ వెళ్లి రోగ్లెకు ఆడి ఎస్‌హెచ్‌ఎల్ ఉత్తమ డిఫెన్స్‌మన్ అయ్యాడు. రెండు దారులూ ఒకదాని తర్వాత ఒకటి తొక్కాడన్నమాట. 2021 అక్టోబరులో, స్వీడన్ క్లబ్ ఫ్రోలుండాలో ఒక ఏడాది అదనంగా ఆడి వచ్చిన లూకస్ రేమండ్‌తో కలిసి డెట్రాయిట్ ఐస్ మీదికి దిగాడు. ఆ సీజన్ రేమండ్ 57 పాయింట్లు చేశాడు. సైడర్ 82 ఆటల్లో 50 చేసి, ఆటకు 23 నిమిషాలు ఆడి, కాల్డర్ ట్రోఫీ ఇంటికి తీసుకెళ్లాడు.